వాలు ఎంత? మొదలు ఎక్కడ?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడికి ఈ ఏడాది యాభై నిండాయి. నాకు యాభై ఐదు. బడికి పదేళ్ళు ఉన్నప్పుడు నాకు పదిహేను, పదో తరగతి పరీక్ష రాశాను. బడికి నూరేళ్ళు నిండేనాటికి నాకు నూట ఐదు వస్తాయి. ఆ సభకు నన్ను పిలవడం మాత్రం మర్చిపోకండి.

నవ్వారు, సంతోషం. మీరిప్పుడు విన్నది ఒక రేఖీయ సమీకరణం. బడి వయసు ఎక్స్ అనుకుంటే నా వయసు వై = ఎక్స్ + 5. బడికి ఒక ఏడు పెరిగితే నాకూ ఒక ఏడు పెరుగుతుంది. అది వాలు, 1. బడి పుట్టిననాటికి నాకు ఐదేళ్ళు. అది అంతరఖండం, 5. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ రెండు అంకెల గురించే.

పండగపూట లెక్కల పాఠమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. సంఘం వాళ్ళు నన్ను పిలిచి, "మీ ఉద్యోగానికి మన బడి ఇచ్చినదేమిటో చెప్పండి" అన్నారు. నేను ముప్పై ఏళ్ళుగా కాలువల మీద పనిచేస్తున్న ఇంజనీరుని. ఈ బడి నాకు చాలా ఇచ్చింది. కానీ రోజూ వాడుకున్నది ఏది అని నిజాయితీగా వెతికితే, వై = ఎమ్ ఎక్స్ + సి అన్న ఒక్క వరసే కనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది. పిల్లలు "నాకు లెక్కలు రావు" అని తమకు తామే తీర్పు చెప్పుకునేది ఎక్కువగా ఈ పాఠం దగ్గరే. అంకెలతో నడిచినంత కాలం నడుస్తారు. అక్షరాలు వచ్చి, వాటి వెనక గీతలు వచ్చేసరికి చేతులెత్తేస్తారు. తొమ్మిదిలో రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు, పదిలో నిరూపక జ్యామితి. ఆ రెండేళ్ళలో లెక్కల మీద నమ్మకం పోగొట్టుకున్న పిల్లవాడు తర్వాత ఏ దారికి వెళ్ళాలో కూడా ఆ భయమే నిర్ణయిస్తుంది. ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్ళు కూడా "పోనీలే అమ్మా, వేరే ఏదైనా తీసుకో" అని ఆ తీర్పుకి సంతకం పెట్టేస్తారు. అందుకని ఈ పాఠాన్ని కాలువ గట్టు మీద నుంచి ఒకసారి చూద్దాం.

మనది సాగర్ కుడి కాలువ ఆయకట్టు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఇక్కడ కూర్చున్న పెద్దల్లో చాలామందికి ఆ నీళ్ళు రాక ముందు పొలాలు ఎలా ఉండేవో తెలుసు. ఆ నీళ్ళు కుడి కాలువలో రెండు వందల కిలోమీటర్ల పొడవునా నడిచి వస్తున్నాయి. వాటిని నడిపించే మోటారు లేదు, కరెంటు లేదు. ఉన్నదల్లా వాలు. కాలువ అడుగు కొంచెం కొంచెంగా పల్లానికి దిగుతూ ఉంటుంది, నీళ్ళు దాని వెంట నడుస్తాయి.

ఆ 'కొంచెం' ఎంత? ఒక మేజరు కాలువని తీసుకుందాం. లెక్క తేలికగా ఉండాలని అంకెలు గుండ్రంగా చెబుతున్నాను. కాలువ మొదట్లో, తూము దగ్గర, అడుగు మట్టం సముద్రమట్టానికి 52 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినుంచి కిలోమీటరుకు 20 సెంటీమీటర్లు, అంటే 0.2 మీటరు చొప్పున దిగుతుంది. ఒక కిలోమీటరు దగ్గర 51.8. రెండు దగ్గర 51.6. ఐదు దగ్గర 51. పది దగ్గర 50. దూరం ఎక్స్, మట్టం వై అనుకుంటే:

వై = 52 − 0.2 ఎక్స్

దీన్ని నేను ఏ పుస్తకంలోంచీ తీయలేదు. "ఎక్కడ మొదలైంది? అడుగడుగుకూ ఎంత మారుతోంది?" అని రెండు ప్రశ్నలు వేసి, జవాబులు పక్కపక్కన రాశాను. మొదలైన చోటు 52, అదే వై అంతరఖండం. మార్పు కిలోమీటరుకు మైనస్ 0.2, అదే వాలు. ఈ రెండూ తెలిస్తే కాలువ మొత్తం మీ చేతిలో ఉన్నట్టే. ఏడున్నర కిలోమీటర్ల దగ్గర మట్టం ఎంతో అక్కడికి వెళ్ళకుండానే చెప్పగలరు: 52 లోంచి 1.5 తీసేస్తే 50.5.

ఇక్కడ మాస్టార్లకు ఒక మనవి. 'వాలు' అన్న మాట దగ్గర తెలుగు పిల్లలకు ఒక చిక్కు ఉంది. మన ఇళ్ళలో వాలు అంటే దిగడమే. నీటివాలు, ఇంటికప్పు వాలు, పొద్దు వాలింది అంటాం. పైకి వెళ్ళేదాన్ని మిట్ట అంటాం, ఎగువ అంటాం, వాలు అనం. అలాంటి పిల్లవాడికి బల్ల మీద ఎడమనుంచి కుడికి ఎక్కుతున్న గీతని చూపించి "దీని వాలు ధనాత్మకం" అంటే లోపల ఏదో తిరగబడుతుంది. వాడు మొద్దు కాదు, వాడి భాష వాడికి తెలుసు. అందుకని మొదటి రోజే చెప్పెయ్యాలి: "ఒరే, లెక్కల్లో వాలు అంటే మార్పు రేటు. ఎడమనుంచి కుడికి నడుస్తుంటే ఎక్కితే ప్లస్, దిగితే మైనస్." అలాగే మైనస్ 5 వాలు ఉన్న గీత 2 వాలు ఉన్న గీతకంటే నిటారు. గుర్తు చెప్పేది దిక్కు, అంకె చెప్పేది తీవ్రత.

రెండో చిక్కు మా ఇంజనీర్లు తెచ్చిపెట్టింది. కాలువ కాగితాల మీద మేము 0.2 అని రాయం. "5000కి 1" అని రాస్తాం. ఐదు వేల మీటర్లు నడిస్తే ఒక మీటరు దిగుతుందని అర్థం. లెక్కల పుస్తకంలో నిలువు మార్పుని అడ్డ మార్పుతో భాగించమంటారు. మా మాటలో అడ్డం ముందు వస్తుంది, నిలువు తర్వాత వస్తుంది. రెండూ ఒకటే సంగతి: 1 ని 5000తో భాగిస్తే మీటరుకు 0.0002 మీటరు, కిలోమీటరుకు 0.2 మీటరు. కొలమానం మారితే అంకె మారింది, కాలువ మారలేదు. వాలు చెప్పేటప్పుడు 'దేనికి ఎంత' అని పూర్తిగా చెప్పించండి. "వాలు 0.2" అంటే సగం మాట. "కిలోమీటరుకు 0.2 మీటరు" అంటే నిండు మాట. మనకు లెక్కలు చెప్పిన మాస్టారు ఏ జవాబు చెప్పినా "అంటే ఏమిట్రా?" అని ఇంకో ప్రశ్న వేసేవారు. సరైన జవాబు చెప్పినవాడికి కూడా ఆ ప్రశ్న తప్పేది కాదు. నా ఉద్యోగంలో ఏ కాగితం మీద సంతకం పెట్టబోయినా ఆ ప్రశ్నే వినిపిస్తుంది.

ఇక అంతరఖండం. మాటే కాస్త బరువు. గీత అక్షాన్ని కోసిన చోటు అని చెబితే చాలు. పిల్లలు దీన్ని చిన్నచూపు చూస్తారు. "చివర్లో కలిపే అంకె" అనుకుంటారు. దాని విలువ తెలియాలంటే పెళ్ళి ఖర్చు లెక్క వెయ్యాలి. కల్యాణమండపం అద్దె 40,000 రూపాయలు, భోజనం మనిషికి 250 అనుకోండి. వందమందికి ఎంత? 40,000కు 25,000 కలిపితే 65,000. మరి రెండు వందల మందికి? మనకు చిన్నప్పుడు త్రైరాశికం నేర్పారు. వందకు 65,000 అయితే రెండు వందలకు దానికి రెట్టింపు, లక్షా ముప్పై వేలు. పెళ్ళివారి గుండె ఆగుతుంది. అసలు లెక్క 40,000కు 50,000 కలిపితే 90,000. త్రైరాశికం నలభై వేలు ఎక్కువ చెప్పింది. ఎందుకని? మండపం అద్దెని కూడా అది రెండుసార్లు కట్టించింది.

త్రైరాశికం తప్పు కాదు. గీత మూలబిందువు గుండా వెళ్ళినప్పుడు, అంటే అంతరఖండం సున్నా అయినప్పుడు మాత్రమే అది పనిచేస్తుంది. మా రోజుల్లో అద్దె సైకిళ్ళు ఉండేవి. గంటకు అర్ధరూపాయి, రెండు గంటలకు రూపాయి, తొక్కకపోతే ఏమీ లేదు. అక్కడ త్రైరాశికం నిక్కచ్చిగా నడుస్తుంది. మండపం ఎవరూ రాకపోయినా నలభై వేలు అడుగుతుంది. అక్కడ నడవదు. "ఎక్స్ సున్నా అయితే ఏమవుతుంది?" అన్న ఒక్క ప్రశ్న అడగడం అలవాటైతే, పిల్లవాడు రేపు అప్పు కాగితం చూసినా, ఏదైనా పథకం ప్రకటన చూసినా ముందు ఆ దాగున్న అంకెని వెతుకుతాడు. నెలకు ఇంత అని పెద్ద అక్షరాల్లో వాలు చెబుతారు. ముందుగా కట్టాల్సిన అంతరఖండం చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఎక్స్ అంతరఖండం సంగతి కూడా చూద్దాం. వై సున్నా ఎప్పుడవుతుంది? మన కాలువ సమీకరణంలో 52ని 0.2తో భాగిస్తే 260 కిలోమీటర్లు. ఆ మేజరు పొడవు పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు కనక ఈ అంకెకి అర్థం లేదు. కాగితం మీద గీత ఎంత దూరమైనా పోతుంది, కాలువ పోదు. సమీకరణం ఎక్కడిదాకా నిజమో తెలుసుకోవడం కూడా పాఠంలో భాగమే.

అదే ప్రశ్న వంటింట్లో అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. మన ఇళ్ళలోని సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. మీ ఇంట్లో రోజుకు 400 గ్రాములు వాడతారనుకోండి. వై = 14.2 − 0.4 ఎక్స్. వై సున్నా ఎప్పుడు? 35.5 రోజులకు. ముప్పై ఆరో రోజు సాయంత్రం కాఫీ పెట్టబోతే పొయ్యి వెలగదు. ఇక్కడ ముగ్గురూ తమ తమ పని చేశారు చూడండి. వై అంతరఖండం మీరు మొదట్లో దేనితో బయలుదేరారో చెప్పింది. వాలు ఎంత వేగంగా ఖర్చవుతోందో చెప్పింది. ఎక్స్ అంతరఖండం ఎప్పుడు అయిపోతుందో చెప్పింది. మా అక్కచెల్లెళ్ళు ఈ లెక్క బల్ల మీద గీయకుండానే ముప్పై ఏళ్ళుగా వేస్తున్నారు. రెండో సిలిండరు ఎప్పుడు రాయించాలో వాళ్ళకి తెలుసు. వాళ్ళలో "నాకు ఆల్జీబ్రా రాదు" అనేవారు ఉంటే, ఆ మాట ఇవాళ్టితో మానెయ్యాలని నా విన్నపం.

మళ్ళీ కాలువ దగ్గరికి వద్దాం. నేల ఒక్కోచోట కాలువకి తగినదానికంటే ఎక్కువ వాలుగా ఉంటుంది. కాలువని కూడా అంత వాలుగా తవ్వితే నీళ్ళు ఉరికి అడుగునీ గట్లనీ కోసేస్తాయి. మరీ తక్కువ వాలు ఇస్తే నీళ్ళు నెమ్మదించి ఒండ్రు దించేస్తాయి. అందుకని వాలు అలాగే ఉంచి, మధ్యలో ఒకచోట మెట్టు కడతాం. దాన్ని డ్రాపు అంటాం. మన మేజరు మీద పదో కిలోమీటరు దగ్గర మీటరున్నర డ్రాపు ఉందనుకోండి. పైన మట్టం 50, కింద 48.5. అక్కడినుంచి మళ్ళీ కిలోమీటరుకు 0.2. కింది కాలువ సమీకరణం ఏమిటి? వై = 50.5 − 0.2 ఎక్స్. పది కిలోమీటర్ల దగ్గర వేసి చూడండి, 48.5 వస్తుంది. వాలు అదే, అంతరఖండం మాత్రం 52 నుంచి 50.5కి దిగింది. వాలు సమానమై అంతరఖండాలు వేరైతే అవి సమాంతర రేఖలు. గట్టు మీద నిలబడితే ఆ రెండు గీతలూ కంటికి కనిపిస్తాయి.

డ్రాపు గోడ సంగతో? అది నిలువుగా ఉంది. ఎక్స్ ఎప్పుడూ 10, మట్టం మాత్రం మారుతోంది. అడ్డ మార్పు సున్నా. సున్నాతో భాగించలేం. అందుకే నిలువు గీతకు వాలు నిర్వచించలేం అంటాం. చెరువులో నిశ్చలంగా ఉన్న నీటిమట్టం దీనికి భిన్నం. ఎంత దూరం వెళ్ళినా ఎత్తు మారదు, వాలు సున్నా. పిల్లలు పరీక్షలో 'వాలు సున్నా', 'వాలు నిర్వచితం కాదు' రెండింటినీ కలిపేస్తుంటారు. చెరువునీ డ్రాపుగోడనీ ఒకసారి చూపిస్తే మళ్ళీ కలపరు.

ఈ గీతల మీద బతుకులు ఎలా ఆధారపడి ఉంటాయో ఒక సంగతి చెబుతాను. 1997లో మన రాష్ట్రంలో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చింది. నీటి సంఘాలు ఏర్పడ్డాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒక మేజరు కింద రైతుల సమావేశానికి వెళ్ళాను. కాలువ చివరి భూములకు రెండేళ్ళుగా నీళ్ళు సరిగా అందడం లేదు. నాట్లు వేసినవాళ్ళు వేశారు, ఎండబెట్టుకున్నవాళ్ళు ఎండబెట్టుకున్నారు. చివరివాళ్ళు పైవాళ్ళని నీళ్ళ దొంగలన్నారు. పైవాళ్ళు మీకు వ్యవసాయం చేతకాదన్నారు. మాట మీద మాట పెరిగి, ఒకరి మీదికి ఒకరు లేచేదాకా వచ్చింది.

వెనక నుంచి ఒక యువరైతు లేచి, కాలువ మట్టాల కాగితం చదవమన్నాడు. పదో తరగతి దాకా చదివి సేద్యంలోకి దిగినవాడు. ఇటీవల తీసిన మట్టాలు చదివాను: పదో కిలోమీటరు దగ్గర డ్రాపు కింద 48.50, పదిహేను దగ్గర 47.50, ఇరవై దగ్గర 46.90. అతను ఒక పెళ్ళిపత్రిక వెనక అవి రాసుకున్నాడు. కాసేపు చూసి, "మొదటి ఐదు కిలోమీటర్లకూ మీటరు దిగింది. తర్వాతి ఐదుకీ మీటరే దిగాలి గదండీ. అరవై సెంటీమీటర్లే దిగిందేం? గీత ఇక్కడ వంగింది" అన్నాడు.

సభ సద్దుమణిగింది. అతను అన్నది నిజం. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర అడుగు 46.50 ఉండాలి. 46.90 ఉంది. నలభై సెంటీమీటర్ల పూడిక. మర్నాడు అర కిలోమీటరుకొకటి చొప్పున మట్టాలు తీయించాం. పదిహేడు దాకా గీత చక్కగా ఉంది. అక్కడినుంచి కిలోమీటరుకు ఇరవై బదులు ఏడు సెంటీమీటర్లే దిగుతోంది. ఎక్కడ తవ్వాలో, ఎంత తవ్వాలో తేలిపోయింది. వేసవిలో ఆ మూడు కిలోమీటర్లలో పూడిక తీశారు. ఆ ఏడు చివరి భూముల్లో నాట్లు పడ్డాయి. పైన ఎవరూ అదనంగా నీళ్ళు తీసుకోరని నేను అనను. కానీ ఆ రోజు ఒకరి తలలు ఒకరు పగలగొట్టుకోబోయిన మనుషులు ఒక గీతని చూసి ఆగారు. అతను వాడింది తొమ్మిదో తరగతి లెక్క. మార్పుని మార్పుతో భాగించాడు, అంతే.

ఇందులో ఇంకో పాఠం ఉంది. రెండు బిందువులు ఉంటే గీత గీయవచ్చని పుస్తకం చెబుతుంది. నిజమే. కానీ ఏ రెండు బిందువులు తీసుకున్నా గీత వస్తుంది, అది నిజమైన గీతో కాదో ఆ రెండూ చెప్పలేవు. మూడో బిందువు సాక్షి. మూడోది కూడా ఆ గీత మీదే పడితే నమ్మవచ్చు. పడకపోతే, లోకంలో ఏదో జరిగిందన్నమాట. కరెంటు బిల్లు కూడా ఇలాగే వంగుతుంది. కొన్ని యూనిట్ల దాకా ఒక రేటు, దాటితే ఇంకో రేటు. ఎక్కడ వంగిందో తెలిస్తే బిల్లు అర్థమవుతుంది.

1637లో రెనె డెకార్ట్ అనే ఫ్రెంచి పండితుడు జ్యామితి మీద రాసిన పుస్తకంతో గీతకి సమీకరణాన్నీ, సమీకరణానికి గీతనీ ముడిపెట్టే దారి పడింది. అంతకు ముందు గీతలు ఒక శాస్త్రం, అంకెలు ఒక శాస్త్రం. ఆ రెండూ కలిసిన చోటునే మనం మన పిల్లలకి విడగొట్టి చెబుతున్నాం. సమీకరణం ఒక రోజు, గ్రాఫు ఇంకో రోజు, అర్థం అసలు ఏ రోజూ కాదు.

అందుకని మన సంఘానికి, మన మాస్టార్లకు ఒక చిన్న ప్రతిపాదన. దీనికి భవనం అక్కర్లేదు, శిలాఫలకం అక్కర్లేదు. తాపీమేస్త్రీలు వాడే పారదర్శకపు నీళ్ళ పైపు ఒకటి, సెంటీమీటర్లు గుర్తుపెట్టిన కర్రలు రెండు, కొలిచే టేపు ఒకటి చాలు. పైపులో బుడగలు లేకుండా నీళ్ళు నింపాలి. ఇద్దరు పిల్లలు రెండు చివరలనీ కర్రలకి ఆనించి పట్టుకుంటే రెండు వైపులా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. నీటిమట్టం నేలనుంచి ఒకచోట 1.10 మీటర్లు, ఇంకోచోట 1.16 ఉంటే, రెండో చోట నేల ఆరు సెంటీమీటర్లు పల్లం.

మన వరండా మెట్ల దగ్గర మొదలుపెట్టి గేటు దాకా పది మీటర్లకొకసారి కొలవనివ్వండి. మొదటి చోటుకి 10.00 అని పేరు పెట్టమనండి. తర్వాత 9.94, 9.89, 9.82, 9.76 అని వచ్చాయనుకోండి. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టనివ్వండి. అన్నీ ఒక్క గీత మీద పడవు. వాటి మధ్యలోంచి స్కేలు పెట్టి గీత గీయనివ్వండి. మీటరుకు ఆరు మిల్లీమీటర్లు దిగుతోందని వాళ్ళే చెబుతారు. వై = 10 − 0.006 ఎక్స్ అని వాళ్ళే రాస్తారు. అప్పుడు అడగండి: "మొదటి చోటుకి 10 బదులు 100 అని పేరు పెడితే ఏం మారుతుంది?" అంతరఖండం మారుతుంది, వాలు మారదు. ఎవరూ చెప్పకుండా ఒక పిల్ల ఆ మాట అన్న రోజున, ఆ పిల్లకి ఈ పాఠం ఇక మర్చిపోవడం ఉండదు. సూత్రం ఆ మర్నాడు చెప్పవచ్చు. 2 ఎక్స్ + 3 వై = 12 లాంటివి కూడా ఆ మర్నాడే. వై ఒక్కదాన్నీ ఒక పక్కకి తెస్తే వై = 4 − (2/3) ఎక్స్. నాలుగు దగ్గర మొదలు, మూడు అడుగులు నడిస్తే రెండు దిగడం. అది కూడా ఒక చిన్న కాలువే.

ఇక్కడ ఇంజనీర్లు, మేస్త్రీలు, దుకాణదారులు, రైతులు, ఇల్లు నడిపే తల్లులు ఉన్నారు. ప్రతి ఒక్కరి పనిలోనూ ఒక గీత ఉంది. ఏడాదికి ఒక శనివారం మీలో ఒకరు వచ్చి తమ పనిలోని వాలు ఎంతో, మొదలు ఎక్కడో తొమ్మిదో తరగతి పిల్లలకు చెబితే, పదేళ్ళలో పదిమంది వస్తారు. దానికి కూడా సమీకరణం మీరే రాసుకోండి. మొదటి శనివారం నాది. పైపు కొని హెడ్‌మాస్టరు గారి గదిలో పెట్టాను.

వెనక వరసలో ఉన్న పిల్లలకు ఒక్క మాట. మీలో లెక్కలు వచ్చినవాళ్ళు, రానివాళ్ళు అని రెండు జాతులు లేవు. తలా ఒకచోట మొదలవుతారు. ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఉంటే ఒకరి అంతరఖండం కాస్త ఎత్తున ఉంటుంది, ఇంకొకరిది పల్లాన ఉంటుంది. అది మీ చేతిలో లేదు. కానీ రోజుకి ఎంత ఎక్కుతారన్నది చాలావరకు మీ చేతిలోనూ, మీ మాస్టార్ల చేతిలోనూ ఉంది. పల్లాన మొదలైనా వాలు ఎక్కువున్న గీత, ఎత్తున మొదలై వాలు తక్కువున్న గీతని ఎక్కడో ఒకచోట కలుస్తుంది, దాటుతుంది. ఎక్కడ కలుస్తుందో కనుక్కోవడానికే ఆ తర్వాతి పాఠం, జంట సమీకరణాలు, పెట్టారు. అది మీ మాస్టారు చెబుతారు.